నాంపల్లి సందులో తంగేడు

తంగేడును ఎవరైనా ఇంట్లో పెంచుతారా అని నన్ను చూసి నవ్వని మనిషి లేడు. మా ఊళ్లో అయితే ఇంకా నవ్వుతారు. అక్కడ చేల గట్ల మీద, రాళ్ల దిబ్బల్లో, రోడ్డు పక్కన, ఎవరూ విత్తకుండా ఎవరూ నీళ్లు పోయకుండా దానంతట అదే మొలుస్తుంది. మేకలు కూడా దాని జోలికి పోవు. అలాంటి మొక్కను నేను నాంపల్లి స్టేషన్ వెనక సందులో, కిరాయి ఇంటి ప్రహరీ పక్కన ఉన్న కాస్త మట్టిలో పెంచాను. ఇవాళ అది నాకంటే ఎత్తు. వెడల్పు సంగతి చెప్పాలంటే, మా ముందుగది కంటే అదే ఎక్కువ జాగా తీసుకుంటుంది. వానలు తగ్గేవేళ పూసిందంటే సందు మొగలో ఆటో దిగినవాళ్లకు అక్కడి నుంచే ఆ పసుపు కనిపిస్తుంది. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి. చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నేను అబిడ్స్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేస్తాను. చీర పట్టుకుని వచ్చినవాళ్లకు దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ, లంగా గుడ్డ, ఫాలు తీసి చూపించడం నా పని. మా షాపులో ఒక గోడంతా పసుపు రంగులే: నిమ్మపండు, మామిడిపండు, గంధం, బంతి, హల్దీ. పనిలో చేరిన కొత్తలో మా సేఠ్ నేర్పిన మొదటి సంగతి, ట్యూబ్‌లైట్ కింద రంగును నమ్మొద్దని. ఏ గుడ్డనైనా గుమ్మం బయటికి తీసుకుపోయి, ఎండలో చీర పక్కన పెట్టి చూడాలి. లోపల అక్కాచెల్లెళ్లలా కలిసిపోయిన రంగులు బయటికి రాగానే తోడికోడళ్లయిపోతాయి. అలా ఎన్ని పసుపులను ఎండలోకి మోశానో నాకే తెలియదు. తంగేడు పసుపు మాత్రం ఏ తానులోనూ కనిపించలేదు.

ఆ పసుపు మీద నాకెందుకంత పట్టింపు అంటే బతుకమ్మ వల్ల. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. తాంబాళంలో ఆకులు పరిచి, పూలను గుండ్రంగా వరస మీద వరస పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి, ఆడవాళ్లందరం చుట్టూ తిరిగి పాడి, చివరికి నీళ్లలో విడుస్తాం. మొదటి వరస తంగేడు. పూలు తేవడం మగవాళ్ల పని, పేర్చడం ఆడవాళ్ల పని. మా అన్నలు పొద్దున్నే గుట్టల మీదికి పోయి సంచుల నిండా తంగేడు తెచ్చి వాకిట్లో కుమ్మరించేవాళ్లు. నేను పేర్చేదాన్ని. నా చేతి బతుకమ్మ నిలబడితే బుడుంగున మునిగేదాకా ఒక్క పువ్వు జారేది కాదు. మా వాడకట్టులో కొత్త కోడళ్లను నా పక్కన కూర్చోబెట్టి నేర్చుకోమనేవాళ్లు. పెళ్లికి ముందు నాకున్న ఆస్తి ఆ పేరే.

పెళ్లయి పట్నం వచ్చాక మొదటి బతుకమ్మకు ఆ ఆస్తి మట్టిలో కలిసింది. మా ఆయన నాంపల్లిలో పెళ్లికార్డులు అచ్చేసే ప్రెస్‌లో మిషన్ మీద పనిచేస్తాడు. గుట్టలూ గట్లూ ఎక్కడివి ఇక్కడ? ఉస్మాన్‌గంజ్ దాకా పోయి రోడ్డు మీద అమ్ముతున్న తంగేడు కట్టలు కొని ప్లాస్టిక్ సంచిలో కుక్కి తెచ్చాడు. ఆ కట్టలు ఏ ఊళ్లో ఎప్పుడు కోసినవో. విప్పేసరికి సగం రేకులు సంచిలోనే ఉన్నాయి. మిగతా సగంతోనే పేర్చాను. లోపల నింపడానికి గుమ్మడాకులు కూడా దొరక్క పాత పేపర్లు నలిపి పెట్టాను. సందు చివర గుడి ముందు అందరి బతుకమ్మల పక్కన నాది పెట్టి లేచానో లేదో, ఒక పక్కకు ఒరిగింది. చేయి అడ్డం పెట్టేలోపే కూలిపోయింది. పూల మధ్య నుంచి పేపర్ ఉండలు బయటికి దొర్లాయి. ఎవరూ నవ్వలేదు, పైగా "ఏం గాదులే అక్కా" అన్నారు. నవ్వినా అంత సిగ్గనిపించేది కాదేమో.

ఇంటికి వచ్చి మా ఆయన మీద పడ్డాను.

"ఏం పూలు తెచ్చినవయ్యా? గవి పూలా, కూరాకా?"

"నేనేం జేస్తనే? బజార్ల ఏముంటే గదే తెచ్చిన. నాకేమన్న గీడ గుట్టలున్నయా?"

"గట్లయితే నేనే పెంచుత."

"ఏంది, తంగేడా?" అని ఆయన అన్నం తింటున్నవాడు ముద్ద ఆపి మరీ నవ్వాడు. "రేపు గడ్డి గూడ కుండీల పెడ్తవా?"

ఆ నవ్వే నాకు విత్తనం. మంచిమాట కంటే వెక్కిరింత నాతో బాగా పనిచేయిస్తుంది, మా అమ్మకు కూడా ఈ సంగతి తెలుసు.

మేము ఉంటున్నది పాతకాలపు ఇంట్లో వెనక పోర్షన్. ముందువైపు ఓనర్లు, ఇద్దరే ముసలివాళ్లు. పెద్దాయనకు ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం, చింతపండు హోల్‌సేల్ దుకాణం. ఆయన తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్నారట. ఓనరమ్మకు మొక్కలంటే ప్రాణం. వాకిలి నిండా గులాబీలు, క్రోటన్లు, తెల్ల మందారం, అన్నీ ఎర్రటి గేరు రంగు పూసిన కుండీల్లో. కానీ ఆ మొక్కల మీది పువ్వు ఒక్కటి కూడా ఎవరూ ముట్టుకోకూడదు. ఆమె కూడా ముట్టుకోదు. దేవుడికి పూలు రోజూ గుమ్మం ముందుకు వచ్చే పూలామె దగ్గరే కొంటుంది. కుండీలో గులాబీ వాడి, ఎండి, రేకులు రాలి మట్టిలో పడేదాకా అలా చూస్తూ కూర్చుంటుంది. మా ఊళ్లో పువ్వంటే కోయడానికే. చూడటానికి పువ్వును పెంచుతారని ఈ ఇంటికి వచ్చాకే నాకు తెలిసింది.

ప్రహరీ పక్కన పగిలిన ఇటుకలు, ఖాళీ డ్రమ్ములు పడేసిన జాగా ఒకటి ఉంది. దాన్ని శుభ్రం చేసి ఒక మొక్క పెట్టుకుంటానని ఓనరమ్మను అడిగాను.

"ఏం మొక్క పిల్లా?"

తంగేడు అంటే ఒప్పుకోదని నాకు తెలుసు. "పసుపు పూలదమ్మా. పెద్దగ పొద లెక్క పెరుగుతది."

"షో మొక్కనా?"

"ఔనమ్మా, షో మొక్కనే."

ఆ ఒక్క మాట తర్వాత నన్ను ఎంత తిప్పలు పెట్టిందో మీకు చెబుతాను. అప్పటికి మాత్రం పని జరిగింది, సంబరపడ్డాను.

ఊరికి పోయినప్పుడు ఎండిన తంగేడు కాయలు కొంగున కట్టుకొచ్చాను. గింజలు చల్లి, రోజూ నీళ్లు చిలకరించి, మోకాళ్ల మీద కూర్చుని చూసేదాన్ని. ఏమీ మొలవలేదు. చీమలు వచ్చాయి, గడ్డి వచ్చింది, ఎక్కడిదో టమాటా మొక్క వచ్చింది, తంగేడు మాత్రం రాలేదు. మా అమ్మకు ఫోన్ చేస్తే ముందు కాసేపు నవ్వింది. నవ్వు అయ్యాక చెప్పింది: "దాని తోలు మందం బిడ్డా. అడవిల ఎండకు, వానకు పగిలి మొలుస్తది. నువ్వు ఉడుకు నీళ్లల్ల నానబెట్టి పెట్టు." అలాగే చేశాను. ఈసారి మట్టిని తోసుకుని రెండు ఆకులు బయటికి వచ్చాయి. మా ఆయనను నిద్రలేపి చూపించాను. ఆయన కళ్లు నులుముకుని, "ఔనే, మొలిచిందే" అన్నాడు. అందులో వెక్కిరింత లేదు. నాకు ఆ పూటంతా ఆకలి వేయలేదు.

మొక్క మోకాలెత్తు వచ్చాక పెద్దాయన ఒకరోజు దుకాణానికి పోతూ ఆగి కళ్లజోడు సర్దుకుని చూశాడు. "అరె, గిది తంగేడు గాదా?" అన్నాడు. ఓనరమ్మ బయటికి వచ్చి నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

"గా జంగ్లీ చెట్టు దెచ్చి నా ఇంట్ల పెట్టినవా? షో మొక్కంటివి గదా!"

"పూసినంక జూడుండ్రి అమ్మా. మీ గులాబీలు దాని ముంగట దిగదుడుపే."

గులాబీల మాట ఎత్తకుండా ఉండాల్సింది. ఆమె విసురుగా లోపలికి పోయింది. కానీ పీకేయమనలేదు. మొక్కల మనిషి కదా, మొలిచినదాన్ని పీకమనడానికి నోరు రాదు.

ఇక నా సేవ చూడాలి. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, చేపలు కడిగిన నీళ్లు, అన్నీ దానికే. పాల డెయిరీ నుంచి పెండ బకెట్‌లో నింపి, పైన గుడ్డ కప్పి, నాంపల్లి నడిరోడ్డు మీద ముక్కులు మూసుకునేవాళ్ల మధ్య నుంచి తలెత్తుకుని నడిచి తెచ్చేదాన్ని. వేపపిండి వేశాను, గుడ్డు పెంకులు దంచి పోశాను. తంగేడుకు ఇంత పెట్టినవాళ్లు లోకంలో ఎవరూ ఉండరు. ఎందుకు పెట్టానో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తుంది. మా నాన్న కౌలు చేను చేసేవాడు. ఎరువు ఎప్పుడూ అరకొరే, నీళ్లు ఎప్పుడూ అరకొరే. చేను వైపు చూసి "దీనికి కడుపు నిండ పెడ్తే ఎట్లుంటుండెనో" అనేవాడు. నాకు నాది అనుకోవడానికి కాస్త మట్టి దొరికేసరికి మా నాన్న తీరని కోరికంతా దాని మొదట్లో పోశాను.

అది కూడా కడుపు నిండా తిన్నది. ముదురాకుపచ్చగా, గుబురుగా, నా భుజాల దాకా ఎదిగింది. ఊళ్లో అంత పెద్ద తంగేడును నేను చూడనేలేదు. రోజూ షాపు నుంచి రాగానే దాని పక్కన నిలబడి ఎత్తు చూసుకునేదాన్ని. అంతా బాగానే ఉంది, బతుకమ్మ పండుగ వచ్చేసరికి పువ్వు లేదు. ఎక్కడో ఒక కొమ్మ చివర నాలుగు పూలు, అవి కూడా ఆకుల చాటున.

"ఆకు మస్తుగుంది. పప్పుల ఏద్దమా?" అన్నాడు మా ఆయన. తిట్టబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఆయన చేతిలో సంచి ఉంది. మళ్లీ ఉస్మాన్‌గంజ్‌కు బయలుదేరుతున్నాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నాది బతుకమ్మకు కూడా పనికిరాలేదు.

ఆ దసరా వెళ్లాక పెద్దాయన నన్ను పిలిచాడు. మంచివాడే, గొంతు పెంచడు. దుకాణం సరుకు పెట్టుకోవడానికి జాగా చాలడం లేదని, ప్రహరీ పక్కన సిమెంట్ చేయించి పైన రేకులు వేయిద్దామనుకుంటున్నానని చెప్పాడు.

"వచ్చే దసరా దాంక ఆగుత బిడ్డా. పూసిందా, నీ చెట్టు జోలికి రాను. పూయలేదనుకో, కొట్టేపిస్త. పువ్వు లేని పొద ఎందుకు జెప్పు, పాములకా?"

ఆయన ఇల్లు, ఆయన మట్టి. కానీ అది పోతే మళ్లీ పెట్టుకోవడానికి నాకు ఈ పట్నంలో ఇంకో జానెడు మట్టి లేదు. నేను పేర్చే బతుకమ్మ జన్మంతా బజారు పూలదే అవుతుంది. నిజంగా భయపడ్డాను.

ఎండాకాలం మొదట్లో ఊరికి పోయి వస్తుంటే బస్సు ఒక చోట ఆగింది. టైరు పంక్చర్. అందరం దిగాం. రోడ్డు పక్కన రాళ్లలో తంగేడు చెట్లు. మోకాలెత్తు కూడా లేవు. సగం ఆకులు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. ఆ ఎండలో కూడా ఒకదాని కొనకు పూలున్నాయి. దాని మొదట్లో మట్టిని కాలితో గీకి చూశాను, అంతా మొరం, ఎర్ర కంకర. నాకు తల మీద మొట్టినట్టయింది. నేను దానికి పూయాల్సిన అవసరం లేకుండా చేశాను. ఇంట్లో కూర్చోబెట్టి మూడు పూటలా నెయ్యి వేసి పెడితే ఎవరు మాత్రం కదులుతారు?

ఇంటికి వచ్చిన మర్నాడే కత్తి పట్టుకున్నాను. కొమ్మలను సగానికి నరికాను. మొదట్లో మట్టి తవ్వి, పెండ మట్టి తీసేసి, ఇసుక, ఇటుక ముక్కలు, కంకర నింపాను. నీళ్లు బంద్. మే నెల ఎండకు ఉన్న నాలుగు ఆకులు కూడా రాలాయి. సందులో పోయేవాళ్లు, "చచ్చిపోయినట్టుందక్కా" అని ఆగి మరీ చెప్పి పోయేవాళ్లు. "సావదు" అని పెద్ద గొంతుతో చెప్పేదాన్ని.

కానీ ఎండిపోవాల్సిన మట్టి ఎప్పుడు చూసినా కాస్త తడిగా ఉండేది. కుక్కల పని అనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఒంట్లో నలతగా ఉండి షాపు నుంచి ముందే వచ్చేశాను. గేటు తీసేసరికి ఓనరమ్మ చేతిలో చెంబు. వంగి నా తంగేడు మొదట్లో నీళ్లు పోస్తోంది.

"అమ్మా! ఏం జేస్తున్నరు?"

"గిట్ల మాడిపోతుంటె సూస్త ఊకోమంటవా? నీకు జర గూడ దయ లేదా పిల్లా?"

"దయతోనే అది చెడిపోయిందమ్మా! నీళ్లు పొయ్యకుండ్రి. దాన్ని జర కష్టపడనియ్యుండ్రి."

"గిదేం న్యాయమే? నా ఇంట్ల నన్నే నీళ్లు పొయ్యొద్దంటవా?"

"మీకంత దయుంటే మీ గులాబీలకు పోసుకోండ్రి!"

అనేశాను. కిరాయికి ఉన్నదాన్ని, ఇంటి ఓనరమ్మ మీద అరిచాను. అన్నానికి ఇంటికొచ్చిన మా ఆయన లోపల తల పట్టుకున్నాడు. "రేపటి కెల్లి ఇల్లు యెతుకుడు మొదలువెట్టు" అన్నాడు. ఓనరమ్మ చెంబు అక్కడే పెట్టి లోపలికి పోయింది. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. కానీ మట్టి తడవలేదు. జంగ్లీ అన్న చెట్టు కోసం ఆ ముసలామె ఎండలో వంగిందని తలుచుకుంటే నాకే ఒక రకంగా అయ్యేది. అయినా తగ్గలేదు. నా పంతం నాది.

వానలు పడ్డాయి. నరికిన ప్రతి కొమ్మ నుంచీ కొత్త కొమ్మలు లేచాయి. నన్ను దాటి పైకి పోయాయి. వినాయక చవితి వెళ్లాక ఒక పొద్దున కొమ్మల చివర్లు చూస్తే శనగగింజల్లా మొగ్గలు, గుత్తులు గుత్తులుగా. వాటిని లెక్కపెట్టాలని కూడా అనిపించలేదు, అన్ని ఉన్నాయి. ముందు ఒకటి విచ్చింది, తర్వాత కొమ్మకొమ్మా విచ్చింది. ముడతల రేకులు, మధ్యలో వంకర తిరిగిన కేసరాలు. ఆకులు కనిపించనంతగా పూసింది. దాన్ని చూసి ఏడ్చాను. తర్వాత మా ఆయనను పిలిచి, "పప్పుల ఏద్దమా?" అని అడిగాను. ఆయన చెవి గోక్కున్నాడు.

ఒక గుత్తి కోసి షాపుకు తీసుకుపోయాను. గుమ్మం బయట ఎండలో నిలబడి మా పసుపు తానులన్నీ ఒక్కొక్కటే దాని పక్కన పెట్టి చూశాను. కొనడానికి వచ్చిన ఆడవాళ్లు కూడా చీరలు వదిలేసి చుట్టూ చేరారు. ఏదీ కలవలేదు. మా సేఠ్ కూడా బయటికి వచ్చి చూసి, "ఈ రంగు ఏ మిల్లోడూ ఇంకా తియ్యలే" అన్నాడు. రంగుల్లో మా సేఠ్‌తో ఓటమి ఒప్పించినదాన్ని నేనొక్కదాన్నే.

ఇంటి దగ్గర ఇంకో వింత మొదలైంది. ఓనరమ్మ తన కుర్చీని గులాబీల దగ్గర నుంచి తెచ్చి తంగేడు ఎదురుగా వేసుకుంది. పొద్దున చాయ్ అక్కడే, సాయంత్రం చాయ్ అక్కడే. చుట్టాలను పిలిచి చూపించింది. సందులో ఆగినవాళ్లకు దాని గుణగణాలు చెప్పింది. సొమ్మొకడిది, సోకొకడిది. పెద్దాయన ఫోన్‌లో ఫొటో తీసుకుని, "రేకుల షెడ్డు ముచ్చట బంద్ బిడ్డా" అని నాతో నవ్వుతూ చెప్పాడు. చెట్టు నిలిచింది. ఇక మిగిలింది నా బతుకమ్మే అనుకున్నాను.

అమావాస్య నాడు, తొమ్మిది రోజుల పండుగలో మొదటి రోజు, పళ్లెం, కత్తెర పట్టుకుని చెట్టు దగ్గరికి పోయాను. కుర్చీలో నుంచి గబుక్కున లేచింది ఓనరమ్మ.

"ఏం జేస్తున్నవ్?"

"పూలు గోస్తున్ననమ్మా. బతుకమ్మకు."

"కోసుడేంది? ఎవలన్న షో మొక్క పూలు గోస్తరా?"

"ఇది తంగేడమ్మా!"

"నేను జంగ్లీ అంటె నువ్వే గదా షో మొక్కంటివి. నీ మాటే నిజమైంది. ఇప్పుడు ముట్టనియ్య."

చెట్టు నాదన్నాను. మట్టి నాదని ఆమె. కోసినకొద్దీ ఇంకా పూస్తుందని నేను. ఉన్నవి పోతాయని ఆమె. చివరికి మా ఆయన, పెద్దాయన కలిసి పంచాయితీ చేశారు. వీధివైపు సగం ఓనరమ్మది, అటు ఎవరూ చేయి పెట్టకూడదు. ఇంటివైపు సగం నాది. రెండు దేశాల సరిహద్దులా మధ్యలో ఒక కొమ్మకు దారం కూడా కట్టింది ఆమె. రోజువారీ చిన్న బతుకమ్మలకు నా సగంలో నుంచి కొద్దికొద్దిగా కోసుకుంటూ, ఎక్కువ భాగం చివరి రోజు పెద్ద బతుకమ్మకు దాచుకున్నాను.

ఆ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, మధ్యాహ్నం వాకిట్లో చాప వేసి కూర్చున్నాను. నా వైపు పూలన్నీ కోశాను. కోసి నీళ్లు కూడా చిలకరించక ముందే పేరుస్తున్నాను, అంత తాజాగా నేను ఊళ్లో కూడా పేర్చలేదు. తంగేడు ఒక వరస, రంగు అద్దిన గునుగు పూలు ఒక వరస, మళ్లీ తంగేడు. నడుమెత్తు లేచాక సమస్య వచ్చింది. లోపల నింపడానికి మా ఆయన తెచ్చిన ఆకులు అయిపోయాయి. లోపల గుల్లగా ఉంటే పై వరసలు కుంగుతాయి. పాత పేపర్ల వైపు చూడబుద్ధి కాలేదు. చేతులు అలాగే పెట్టి కూర్చున్నాను. ఓనరమ్మ తన గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. చూసి చూసి, చెప్పులేసుకుని పక్కకు పోయింది. ఆమెకేం పట్టింది అనుకున్నాను.

కాసేపటికి వచ్చి నా ముందు నిలబడింది. కొంగు రెండు చేతులతో పట్టుకుని ఉంది. కొంగు నిండా తంగేడు.

"గివి సాలుతయా?" అంది.

తలెత్తి చెట్టు వైపు చూశాను. వీధివైపు కొమ్మలన్నీ బోసిగా ఉన్నాయి. ఒక్కటి కూడా మిగల్చలేదు. కొంగులోకి చూశాను. ఎన్నడూ పువ్వు కోసి ఎరగని మనిషి కదా, కాడల్లేకుండా పూలను మాత్రమే గిల్లుకొచ్చింది. పేర్చడానికి కాడ ఉండాలి. ఆ పూలలో ఒక్కటి కూడా వరసకు పనికిరాదు. ఆమె వేళ్ల కొసలు పసుపయి ఉన్నాయి.

"మస్తు సాలుతయమ్మా. ఇట్ల పొయ్యుండ్రి" అని బతుకమ్మ లోపలికి చూపించాను.

ఆమె వంగి కొంగంతా అందులో ఒంపింది. నేను చేత్తో మెల్లగా అదిమాను. ఆమె కూడా అదిమింది. నిండింది. దాని మీద మిగతా వరసలు కట్టాను, అవి రాయిలా నిలబడ్డాయి. మా ఆయన, పెద్దాయన చెరోవైపు పట్టుకుంటే గానీ లేవలేదు.

గుడి ముందు పెట్టినప్పుడు మాదే అన్నిటికంటే ఎత్తు. ఈ మాట నేనొక్కదాన్నే అనలేదు, అందరూ అన్నారు. ఎంతసేపు ఆడినా ఒక్క పువ్వు జారలేదు. ఓనరమ్మ వరసలో నా వెనకే తిరిగింది, చప్పట్లు ఒక అడుగు ఆలస్యంగా కొడుతూ. చీకటి పడే వేళకు గుడి పక్కన నీళ్లు నింపిన పెద్ద తొట్టిలో బతుకమ్మలను విడిచాం. మాది నీళ్ల మీద కాసేపు నిలబడి, ఒక పక్కకు వాలి, మెల్లగా విచ్చుకుంది. ముందు పైకి వచ్చినవి కాడల్లేని పూలు. లోపలున్నవన్నీ ఒక్కసారిగా తేలి తొట్టి అంతా పరుచుకున్నాయి.

పక్కనున్న ఆడవాళ్లు ఒంగి చూశారు. "అక్కా, లోపల గూడ తంగేడే పోసిన్రా?" అని ఒకామె నోరు తెరిచింది. "గింత తంగేడు మీకు యాడిది?"

"మా ఇంట్ల చెట్టున్నది" అంది ఓనరమ్మ, నా కంటే ముందే.

అక్కడ ఉన్న, ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లందరికీ తెలుసు, నాకూ తెలుసు. గుట్టల నిండా తంగేడు పూసే మా ఊళ్లో కూడా, ఎంత ఉన్నవాళ్ల ఇంట్లోనైనా, బతుకమ్మ లోపల ఆకులే నింపుతారు.